పిగ్ ఐరన్‌లో పంది

అమ్మడూ,

పిగ్ ఐరన్ అంటే 'పంది ఇనుము' అని రాసుకుంటే ట్రైనింగ్ క్లాసులో అందరూ నవ్వారని, ఇంగ్లీషు ఇక రాదేమోనని బెంగపెట్టుకున్నావు. ఆ నవ్వినవాళ్లలో ఎంతమందికి అసలు సంగతి తెలుసో అడగాల్సింది! నువ్వు రాసింది తప్పేమీ కాదు. ఫోన్‌లో మొదట కనబడిన అర్థం దగ్గరే ఆగిపోయావు, అదీ నీ తప్పు.

పూర్వం బ్లాస్ట్ ఫర్నేస్ ముందు ఇసుకలో పెద్ద కాలువ తీసి, దాని పక్కన వరసగా చిన్న గుంటలు పెట్టేవారు. కరిగిన ఇనుము ఆ కాలువ వెంట పారి గుంటల్లో నిండేది. చూస్తే తల్లిపందిని ఆనుకుని పిల్లలు పాలు తాగుతున్నట్టే ఉండేది. కాలువలో గడ్డకట్టింది 'సౌ', అంటే ఆడపంది; గుంటల్లోవి 'పిగ్స్'. 1959 ఫిబ్రవరి 4న భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించేనాటికే ఇసుక గుంటలు పాతబడి, గొలుసు మీద అచ్చులు కదిలే యంత్రాలు వచ్చేశాయి. ఇప్పుడు ఇనుములో ఎక్కువ భాగం గడ్డకట్టకుండానే లేడిల్‌లో స్టీల్ మెల్టింగ్ షాపుకి పోతుంది. పేరు మాత్రం పోలేదు.

పందుల మాటొచ్చింది కాబట్టి ఇదీ విను. ఇంగ్లీషువాళ్ల 'బాండికూట్' మన పందికొక్కే. యూల్, బర్నెల్ 1886లో తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఆ మాట తెలుగుదేనని రాసింది. ఆ పేరే తర్వాత ఆస్ట్రేలియాలో, పొట్టకు సంచి ఉండే ఒక జంతువుకి అంటుకుంది. మన పెరట్లో గోతులు తవ్వే పందికొక్కు అంతదూరం వెళ్లిందంటే, ఇంగ్లీషుని పరాయి సొత్తని నువ్వెందుకు జంకాలి?

తాతయ్య ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెబుతున్నాడు: పనిలో పుట్టిన మాటకి అర్థం పనిలోనే వెతకాలి, తర్వాతే నిఘంటువు. 'టీమింగ్' చూడు. జనం కిటకిటలాడటమని నువ్వు రాసుకున్నావు. ఆ మాట పిల్లల్ని కనడమనే అర్థమున్న పాత ఇంగ్లీషు క్రియ నుంచి వచ్చింది. ఉక్కు షాపులో టీమింగ్ అంటే లేడిల్‌లోని ఉక్కును అచ్చుల్లోకి పోయడం. అది ఖాళీ చేయడమనే అర్థంతో నార్స్ భాష నుంచి వచ్చిన వేరే మాట. స్పెల్లింగు ఒకటే, పుట్టిళ్లు వేరు. 'ఇంగాట్'లో మాట ఒకటే, అర్థమే మారింది. 14వ శతాబ్దం చివర చాసర్ కాంటర్‌బరీ కథలు రాసేనాటికి ఇంగాట్ అంటే లోహం పోసే అచ్చు. ఆ పేరే పోనుపోను అందులోంచి వచ్చే దిమ్మకి స్థిరపడింది.

'బాష్' గురించీ అడిగావు. ఫర్నేస్‌లో హార్త్‌కి పైన, కిందికి పోనుపోను సన్నబడే భాగం అది. పనికిమాలిన మాట అనే అర్థమున్న 'బాష్' దీనికి చుట్టం కాదు. అది ఖాళీ అని చెప్పే టర్కీ మాట. 1834లో జేమ్స్ మోరియర్ రాసిన 'అయేషా' నవలతో ఇంగ్లీషులో ప్రచారమైంది.

ఇక 'సాలమాండర్' పక్కన బల్లి బొమ్మ గీశావు. ముచ్చటగానే ఉంది గానీ, కిందే అసలు అర్థం కూడా రాసుకో. ఆ జీవి నిప్పులో బతుకుతుందని యూరప్‌లో పాతకాలం వాళ్లు నమ్మేవారు. అందుకే టాప్‌హోల్‌కి కింద, హార్త్ అడుగున మిగిలిపోయి గడ్డకట్టే ఇనుముకి ఆ పేరు పెట్టారు. రీలైనింగ్ కోసం ఫర్నేస్ ఆపినప్పుడు దాన్ని ఎలా బయటికి తీస్తారో కాస్ట్ హౌస్‌లో పాత ఫోర్‌మన్ ఎవరైనా కనబడితే అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పంపు.

మీ తాతయ్య