మా బృందం పేరు వేణువుల మీద!

ప్రశ్న: వారాంతాల్లో కలిసి వేణువు వాయించుకునే సరదా బృందం మాది. ఆరేళ్లుగా ఒకే పేరుతో ఉన్నాం, రిజిస్ట్రేషన్ లేదు. ఇప్పుడో దుకాణం మా పేరు చెక్కిన వేణువులు అమ్ముతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రిజిస్ట్రేషన్ లేదని చేతులు ముడుచుకోకండి. వాడకంతో పేరు తెచ్చుకున్నవారికీ మన చట్టంలో రక్షణ ఉంది. అయితే, కొనేవాళ్లు ఆ సరుకు మీదేనని పొరబడే అవకాశం ఉందని చూపాలి. బరువంతా ఇక్కడే. ఆ వేణువొకటి కొని బిల్లు తీసుకోండి. చెక్కిన అక్షరాలు కనబడేలా ఫొటో తీయండి. పాత కరపత్రాలు, హాలు అద్దె రసీదులు తేదీలవారీగా సర్దండి. "మీ వేణువు శ్రుతి తప్పుతోందండీ" అని ఎవరైనా మీకు రాసి ఉంటే భద్రపరచండి, అది గట్టి సాక్ష్యం. ఆపైన దుకాణానికి మర్యాదగానే ఉత్తరం రాయండి.

ట్రేడ్‌మార్కు దరఖాస్తూ వేయండి. అది సరుకు, సేవల తరగతులవారీగా ఉంటుంది. కచేరీలు, శిక్షణకు 41వ తరగతి. వాయిద్యాలు 15వ తరగతి. మీరూ అమ్మే ఉద్దేశం ఉంటేనే అది. ఆన్‌లైన్ రుసుము తరగతికి వ్యక్తులకు 4,500, సంఘాలకు 9,000 రూపాయలు. సగం ఆదా అని ఒకరి పేరున వేయకండి, రేపు ఆయన విడిపోతే తగాదా మొదలవుతుంది. సంఘాన్ని నమోదు చేయించి దాని పేరున వేయండి. "వేణునాదం" లాంటి మామూలు మాటైతే మాత్రం దక్కడం కష్టం.

దుకాణమే ఆ పేరుకు దరఖాస్తు చేసుకుంటే ఆలస్యం వద్దు. ట్రేడ్‌మార్కు జర్నల్‌లో వచ్చాక అభ్యంతరానికి 4 నెలలే గడువు. వెంటనే ట్రేడ్‌మార్కు న్యాయవాదిని కలవండి.