ఆట మానిపించి అక్షరాలు దిద్దించాలా?



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే విచారణ కార్యాలయానికి వచ్చే చిన్న వయసు దంపతులు అడిగే ప్రశ్న ఒకటే. "బాబుకి మూడేళ్లు నిండాయి ఫాదర్, ఏ బడిలో వేయమంటారు?" ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట ప్రాంతాల్లో కాపురం ఉండేవారికి ఇది తేలిక ప్రశ్న కాదు. పెద్ద రోడ్డు మీద "ఇంటర్నేషనల్ కిండర్‌గార్టెన్, ఆటపాటల ద్వారా విద్య" అన్న రంగురంగుల బోర్డు కనిపిస్తుంది. రెండు వీధులు దాటితే మూడేళ్లకే నోటుపుస్తకాలు నింపించే ఎల్‌కేజీ. బస్తీ లోపల అంగన్‌వాడీ. మొదటిదానికి పంపాలంటే అప్పు చేయాలి. రెండోదానికి వెళ్లనని పిల్లవాడు రోజూ ఏడుస్తాడు. మూడోదానికి పంపితే చుట్టాలు చిన్నచూపు చూస్తారని బెంగ. కాబట్టి అసలు ఈ "ఆటతో చదువు" అంటే ఏమిటి, అది ఎక్కడ పుట్టింది, దానికి డబ్బు ఎంతవరకు అవసరం అన్న విషయాలను ఈ వారం కలిసి తెలుసుకుందాం.

1. మూడు తోటల కథ

మన ఎర్రమంజిల్ పేరుతోనే మొదలుపెడదాం. ఇక్కడి గుట్టను తెలుగువారు ఎర్రగడ్డ అనేవారట. 19వ శతాబ్దం చివరి భాగంలో నవాబు ఫక్రుల్ ముల్క్ ఆ గుట్ట మీద తన భవనం కట్టించి, "ఎర్ర" అన్న మాటకు దగ్గరగా వినిపించే "ఇరం" అనే పేరు పెట్టాడు. పారశీక భాషలో ఇరం అంటే స్వర్గవనం. ఇరం మంజిల్ జనం నోట మళ్లీ ఎర్రమంజిల్ అయింది.

రెండో తోట జర్మనీలో ఉంది. ఏడాది నిండకముందే తల్లిని పోగొట్టుకున్న ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ (1782-1852) అనే ఉపాధ్యాయుడు 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్లో పసిపిల్లల కోసం ఒక కేంద్రం తెరిచాడు. 1840లో దానికి "కిండర్‌గార్టెన్" అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. మొక్కను పట్టి లాగితే పెరగదు. నీరు పోసి, ఎండ తగలనిచ్చి, కలుపు తీస్తే తనంతట తానే పెరుగుతుంది. పిల్లవాడూ అంతేనని ఆయన భావన. అందుకే పలకకు బదులు పిల్లల చేతికి ఉన్ని బంతులు, కొయ్య దిమ్మెలు ఇచ్చాడు. ఈ మెత్తని ఆలోచనకు కూడా పాలకులు భయపడ్డారంటే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించింది. 1860లో ఆ నిషేధం ఎత్తివేసే నాటికి ఫ్రోబెల్ బ్రతికి లేడు.

మూడో తోట మన దేశానిది. తారాబాయి మోదక్ అనే విదుషీమణి 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో, ఆ తరువాత కోసబాడ్ కొండ ప్రాంతంలో, పేద, గిరిజన పిల్లల కోసం బాలవాడీలు నడిపారు. పిల్లలు బడికి రాలేకపోతే బడే వాళ్ల వాకిటికి వెళ్లాలన్నది ఆమె పట్టుదల. అలా వచ్చిన మాటే అంగన్‌వాడీ. వాకిటి తోట అని అర్థం. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని ప్రారంభించినప్పుడు ఆ పేరు దేశమంతటా వ్యాపించింది. ఈనాడు ఒక్క తెలంగాణలోనే 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి.

చూశారా! రోడ్డు మీది ఖరీదైన బోర్డుకూ, సందులోని అంగన్‌వాడీకీ పేరులో ఉన్న అర్థం ఒకటే. పుట్టుక కూడా దాదాపు ఒకటే. కతోలిక కుటుంబంలో పుట్టిన వైద్యురాలు మరియా మాంటిస్సోరి తన మొదటి "పిల్లల ఇల్లు" తెరిచింది 1907 జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగ నాడు. ఎక్కడ? రోము నగరంలోని శాన్ లోరెంజో అనే కూలీల వాడలో. తల్లిదండ్రులు పనికి వెళితే మెట్ల మీద, వీధిలో తిరిగే పసివాళ్ల కోసం. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధ కాలమంతా మన దేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. తెలుగునాట విజయవాడలో వేగె కోటేశ్వరమ్మగారు ఆమె పేరుతోనే విద్యాసంస్థలు స్థాపించి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆటతో, చేతి పనితో సాగే ఈ చదువు పేదల వాడలకూ చెందిన సొత్తు. అది డబ్బున్నవారికే దక్కేదని అనుకోవడం చరిత్ర తెలియకపోవడమే.

2. ఆటలో పిల్లవాడు నేర్చేదేమిటి?

"ఆడుకోవడానికి ఫీజు కట్టాలా?" అని తాతయ్యలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని "ఆటలో చదువేముంది?" అంటే మాత్రం జవాబుంది.

చపాతీ పిండి ముద్ద పిసికే పిల్ల వేళ్లలో బలం పెరుగుతుంది. రేపు పెన్సిలు పట్టుకోవలసింది ఆ వేళ్లే. చింతగింజలు, కందిపప్పు వేరుచేసే పిల్లవాడు పోలికలు, తేడాలు గుర్తిస్తున్నాడు. వామనగుంటల పీట తీసుకోండి. అటు ఏడు, ఇటు ఏడు గుంటలు. ఒక్కొక్క గింజ వేసుకుంటూ పోవడంలో ఒక గుంటకు ఒక గింజ అన్న లెక్క, ఎక్కడ ఆగుతుందోనన్న ముందుచూపు, ఎదుటివాడి వంతు కోసం ఓపిక, అన్నీ ఉన్నాయి. ఒకటి నుంచి వంద వరకు అప్పజెప్పే పిల్లవాడికి ఏడు గింజలు లెక్కపెట్టి ఇమ్మంటే తడబడటం మీరూ చూసే ఉంటారు. వాడికి అంకెల పేర్లు వచ్చాయి గాని లెక్క రాలేదు.

గుజ్జనగూళ్లు ఆడే పిల్లలను గమనించండి. "నేను అమ్మను, నువ్వు పాపవు" అనుకున్నాక అమ్మ అయిన పిల్ల అల్లరి చేయదు, అమ్మలాగే ఉండాలి. రష్యా మనస్తత్వవేత్త విగోట్‌స్కీ (1896-1934) దీనిని చక్కగా వివరించాడు. పెద్దలు ఎంత చెప్పినా కుదురుగా కూర్చోని పిల్లవాడు, ఆట నియమం కోసం తన కోరికను తానే అణచుకుంటాడు. మనం క్రమశిక్షణ అనేది ఇదే. బెత్తంతో వచ్చే దానికంటే ఇది లోతైనది.

తత్త్వశాస్త్రం చదువుకున్నవారికి ఇది కొత్త కాదు. స్వేచ్ఛ గల మనిషి ఏ విద్యనూ బానిసలాగా నేర్వరాదని, పిల్లలకు ఆట ద్వారానే నేర్పాలని ప్లేటో అన్నాడు. అయిదేళ్ల లోపు పిల్లల మీద చదువు గాని శ్రమ గాని మోపవద్దన్నాడు అరిస్టాటిల్. మన పునీత అక్వినాసు తోమాసువారు కూడా శరీరానికి విశ్రాంతి ఎలాగో ఆత్మకు ఆట అలాగని చెబుతూ, ఎల్లప్పుడూ వంచి ఉంచిన విల్లు విరిగిపోతుందన్న పాత కథను గుర్తుచేశారు. మూడేళ్ల విల్లును మనం ఎంత వంచుతున్నాం?

3. చట్టాలు, నివేదికలు

ఇది పాతకాలపు పెద్దల మాటే కాదు. ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ 1993లోనే "భారం లేని చదువు" అనే నివేదికలో నర్సరీ ప్రవేశానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయాలని, పసివాళ్లపై చదవడం, రాయడం, లెక్కలు బలవంతంగా రుద్దడం ఒక రకమైన హింస అని చెప్పింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరేళ్లు నిండేవరకు పిల్లలందరి సంరక్షణకు, విద్యకు కృషి చేయడం ప్రభుత్వ బాధ్యత అన్నది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుండి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసి, ఆటే దానికి మార్గమని, వీలైనంత వరకు ఇంటి భాషలోనే బోధన సాగాలని చెప్పింది. ఆ విధానం ప్రకారం ఒకటో తరగతి వయసు ఆరేళ్లు.

"అయితే పక్కింటి పిల్లవాడు ఎ బి సి డి లు రాస్తుంటే మావాడు వెనకబడిపోడా?" అని మీ భయం. ఆటతో చదువు అంటే అక్షరాలను దూరం పెట్టడం కాదు. ముందు కథలు వినడం, పాటలు పాడటం, మాటల్లోని శబ్దాలు పట్టుకోవడం, ఇసుకలో గీతలు గీయడం, ఆ తరువాత అక్షరం. పునాది ఎండకముందే గోడ లేపితే ఏమవుతుందో ఏ మేస్త్రీనడిగినా చెబుతాడు. మన కాన్వెంటు బడులలో కూడా నాలుగేళ్ల పిల్లలకు ఇంటిపని ఇచ్చే అలవాటు ఉంటే, తల్లిదండ్రుల సమావేశంలో మర్యాదగా అడగండి. అది మీ హక్కు. పిల్లలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని రెండవ వాటికన్ మహాసభ 1965లో విద్యపై చేసిన ప్రకటన స్పష్టంగా చెప్పింది.

4. బోర్డు చూడకండి, లోపలికి వెళ్లి చూడండి

"ఇంటర్నేషనల్" అన్న మాట దానంతట అదే ఏ గుర్తింపూ కాదు. సీబీఎస్ఈ పాఠశాలల పేర్లలోనూ ఆ మాట ఉంటుంది. జెనీవాలో 1968లో మొదలైన ఇంటర్నేషనల్ బాకలారియేట్ వంటి సంస్థ అనుమతి నిజంగా ఉందా అని అడగాలి. అలాగే మాంటిస్సోరి పద్ధతి, ఆట పద్ధతి ఒకటి కావు. తన తరగతిలో పిల్లలు చేసేదానిని మాంటిస్సోరి "పని" అనే పిలిచారు. రెండు పేర్లూ ఒకే బోర్డు మీద ఉంటే తేడా ఏమిటో చెప్పమనండి.

బడికి వెళ్లినప్పుడు ఈ అయిదు విషయాలు గమనించండి:

ఒకటి, ఎంతమంది పిల్లలకు ఎందరు పెద్దలు? బాలల హక్కుల పరిరక్షణ జాతీయ కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని ఉంది.

రెండు, బొమ్మలు పిల్లల చేతికి అందేలా ఉన్నాయా, అద్దాల బీరువాలో ఉన్నాయా?

మూడు, టీచరు ఎక్కువగా మాట్లాడుతుందా, పిల్లల మాట వింటుందా? తెలుగులో మాట్లాడిన పిల్లవాణ్ణి కసురుతుందా?

నాలుగు, మరుగుదొడ్డి, తాగే నీరు, గేటు, మెట్లు ఎలా ఉన్నాయి?

అయిదు, మీ పిల్లవాడు సాయంత్రం ఇంటికి వచ్చాక ఏం ఆడాడో చెబుతాడా, మౌనంగా ఉంటాడా?

ఈ అయిదింటిలో దేనికీ ఏసీ గది అవసరం లేదు. అంగన్‌వాడీనీ ఇదే కొలతతో చూడండి. నగరంలో చాలా కేంద్రాలు ఇరుకు అద్దె గదుల్లో ఉన్నాయి, రిజిస్టర్ల బరువు టీచర్ల మీద ఉంది, నిజమే. కాని మనం పిల్లలను పంపి, వెళ్లి అడిగితేనే అవి బాగుపడతాయి. అందరూ వదిలేసిన చోట అడిగేవారే ఉండరు.

5. అప్పు గురించి ఒక మాట

కొన్ని ఇంటర్నేషనల్ కిండర్‌గార్టెన్లలో ఏడాది ఫీజు లక్ష రూపాయలు దాటుతుంది. శక్తి ఉన్నవారు, అక్కడ నిజంగా పిల్లలు ఆడుతూ నేర్చుకుంటున్నారని చూసుకున్నవారు చేర్పిస్తే తప్పు లేదు. కాని చీటీ పాడి, బంగారం తాకట్టు పెట్టి మూడేళ్ల పిల్లవాణ్ణి అక్కడికి పంపకండి. ఆ వడ్డీ కట్టడానికి తండ్రి రెండో డ్యూటీ చేస్తే, సాయంత్రం ఆ పిల్లవాడితో ఆడేదెవరు? కొనుక్కొచ్చిన ఆట కోసం ఇంట్లో ఆట పోగొట్టుకున్నట్టే కదా! చదువుకు డబ్బు నిజంగా కావలసిన కాలం పదో తరగతి తరువాత వస్తుంది. అప్పటికి దాచండి.

రోజుకు అరగంట, ఫోను పక్కన పెట్టి, పిల్లలతో నేల మీద కూర్చోండి. అమ్మమ్మ చేత దాగుడుమూతలు, చెమ్మచెక్క, అచ్చంగిల్లాలు ఆడించండి. మాతృభాషలో ఒక కథ చెప్పండి. చిన్న ఇల్లయితే గుడి ఆవరణ ఉంది. ఆదివారం పూజ తరువాత పిల్లలు అక్కడ పరుగెత్తితే కసరకండి. నాలుగు కుటుంబాలు కలిసి ఒక బుట్టెడు కొయ్య దిమ్మెలు, గింజలు, పాత డబ్బాలు సమకూర్చుకుంటే, ఫ్రోబెల్ తోటకు కావలసిన సామాను దాదాపు వచ్చేసినట్టే.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. నిన్న మన పిల్లవాడు ఎంతసేపు ఆడాడు? ఎవరితో?

2. మనం బడిని ఎంచుకున్నది పిల్లవాడి కోసమా, చుట్టాల మాట కోసమా?

3. మన వీధి అంగన్‌వాడీని మనం ఒక్కసారైనా లోపలికి వెళ్లి చూశామా?