దేశ రక్షణలో కొత్త సాంకేతికత – మన చేతిలోని పాస్‌బుక్కు

పల్నాటిలో పుట్టి పెరిగినవారికి ఆయుధం అనగానే కారంపూడి వీరుల గుడి, కార్తీకమాసంలో జరిగే వీరారాధన ఉత్సవం గుర్తుకు వస్తాయి. మాచర్ల, గురజాల రాజ్యాల మధ్య జరిగిన ఆ యుద్ధాన్ని మనం కత్తుల కథగానే చెప్పుకుంటాం. కాని వీరగాథను శ్రద్ధగా వింటే, మాచర్లకు తగిలిన మొదటి దెబ్బ కత్తిది కాదు. కోడిపోరులో జరిగిన మోసానిది. నేటి దేశ రక్షణ కూడా ఈ రెండు దారుల్లోనే నడుస్తోంది. ఒకటి ఆయుధం, రెండోది నమ్మించి ముంచే విద్య. మొదటిదాని గురించి పత్రికల్లో బొమ్మలతో సహా చదువుతున్నాం. రెండోది మన హాస్టలు గదుల దాకా వచ్చింది కాబట్టి ఈ వ్యాసంలో దాని గురించే ఎక్కువ చెప్పాలనుకున్నాం.

ముందుగా ఆయుధం సంగతి. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర ఉన్న డి.ఆర్.డి.ఓ. ప్రయోగ క్షేత్రంలో 30 కిలోవాట్ల లేజరు ఆయుధాన్ని పరీక్షించారు. తయారుచేసింది హైదరాబాదులోని 'ఛెస్' అనే డి.ఆర్.డి.ఓ. పరిశోధనశాల. తూటా లేకుండా, క్షిపణి లేకుండా, కేవలం కాంతితో అది ఎగురుతున్న డ్రోన్‌ను కూల్చింది. వినడానికి సినిమా కథలా ఉన్నా సూత్రం మనకు తెలిసిందే. ఎండలో భూతద్దం పట్టి కాగితం కాల్చని పిల్లవాడు ఏ హాస్టల్లోనూ ఉండడు. కాంతిని ఒక చుక్క మీదకు చేరిస్తే అక్కడ వేడి పుడుతుంది. లేజరు కాంతి పెద్దగా విచ్చుకోకుండా చాలా దూరం వెళ్తుంది. సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగం కాబట్టి తప్పించుకునే వ్యవధి ఉండదు. అయితే ఆ చుక్కను కదులుతున్న డ్రోన్ మీద ఒకేచోట కొన్ని క్షణాలు నిలిపి ఉంచాలి. రాడారు, కెమెరా, కంప్యూటరు కలిసి చేసే అసలు కష్టం అదే. దుమ్ము, పొగమంచు, వాన ఉంటే కాంతి చెదిరిపోతుంది. అందుచేత లేజరు వచ్చింది గదా అని క్షిపణులు మూలపడవు.

ఇంత శ్రమ ఎందుకంటే దాని వెనుక ఒక లెక్క ఉంది. 2025 మే 8, 9 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ 36 చోట్లకు 300 నుంచి 400 దాకా డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వం ప్రకటించింది. చవకగా తయారయ్యే డ్రోన్ మీదకు ఖరీదైన క్షిపణిని వదులుతూ పోతే డ్రోన్ కూలినా నష్టం మనకే. లేజరుకైతే ప్రతిసారీ అయ్యేది కరెంటు ఖర్చు మాత్రమే. ఆ రోజుల్లో మన ఆకాశాన్ని కాచిన వాటిలో ఆకాశ్ క్షిపణి కూడా ఉంది. దీన్ని రూపొందించింది డి.ఆర్.డి.ఓ., తయారుచేస్తున్నది 1970లో హైదరాబాదులో స్థాపించిన భారత్ డైనమిక్స్ సంస్థ. 2023 డిసెంబరులో మనకు దగ్గరలోనే, బాపట్ల సముద్రతీరాన ఉన్న సూర్యలంక వైమానిక స్థావరంలో, ఒకే ఆకాశ్ యూనిట్ ఒకేసారి నాలుగు లక్ష్యాలను ఛేదించింది. సూర్యలంక అంటే స్నానాలకు వెళ్లే చోటు అనుకునే మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

(మాటవరసకు ఒక సంగతి. డి.ఆర్.డి.ఓ. అంటే శాస్త్రవేత్తలే అనుకుని మనవాళ్లు దరఖాస్తు కూడా పెట్టరు. ఐ.టి.ఐ. వారికి టెక్నీషియన్లుగా, డిప్లొమా, బి.ఎస్సీ. వారికి టెక్నికల్ అసిస్టెంట్లుగా ఆ సంస్థ నోటిఫికేషన్లు ఇస్తూ ఉంటుంది. చూస్తూ ఉండండి.)

ఇక రెండో దారి. ఇంత కట్టుదిట్టమైన రక్షణను శత్రువు ఎక్కడ ఛేదిస్తాడు? గోడ దగ్గర కాదు, మనిషి దగ్గర. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం విశాఖపట్నంలో ఒక గూఢచర్యం కేసును బయటపెట్టింది. ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేరుతో పరిచయం పెంచుకుని, నౌకల కదలికలు రాబట్టారని ఆరోపణ. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లోను, నౌకల్లోను స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. కోట్ల విలువైన యుద్ధనౌక రహస్యం ఒక 'హాయ్' మెసేజీతో బయటికి పోవచ్చునన్నమాట.

రహస్యం రాబట్టిన ఈ ఉపాయమే డబ్బు కాజేయడానికీ పనికొస్తుంది. హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకు కేసును మాత్రం ప్రతి విద్యార్థీ పాఠంలా చదవాలని మా అభిప్రాయం. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు దొంగలు 200కు పైగా ఈ-మెయిళ్లు పంపారు. ఇద్దరు ఉద్యోగులు తెరిచారు. అంతే చాలింది. ఆ మెయిలు వెంట వచ్చిన ప్రోగ్రాము కంప్యూటరులో దాక్కుని, ఎక్కడో కూర్చున్నవాడికి తాళంచెవి ఇచ్చింది. కీబోర్డు మీద ఏ అక్షరం నొక్కినా వాడికి తెలుస్తుంది. రెండు నెలలు ఓపికగా కాచుకుని, 2022 జనవరిలో బ్యాంకుకు సెలవులైన శని, ఆదివారాలు చూసి 12 కోట్ల రూపాయలకు పైగా తరలించారు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. దొంగ ఎక్కడో ఉన్నాడు. డబ్బు ఇక్కడి బ్యాంకులో ఉంది. అది నోట్ల రూపంలో బయటికి రావాలంటే ఏం కావాలి? ఖాతాలు కావాలి. మొదట ఆ డబ్బు నాలుగు ఖాతాల్లో పడింది. అక్కడినుంచి వందకు పైగా ఖాతాలకు చీలి, వందలాది ఏ.టి.ఎం.ల నుంచి నగదుగా వెళ్లిపోయింది. ఇలా కమీషనుకు ఆశపడి ఇచ్చే ఖాతాలను పోలీసులు 'మ్యూల్' ఖాతాలంటారు, అంటే మోతగాడిద ఖాతాలు. బరువు గాడిదది, సరుకు షావుకారుది. ఆ దొంగ దొరకడం కష్టం. ఖాతాదారుడు మాత్రం ఫొటో, ఆధార్, చిరునామాతో సహా సిద్ధంగా ఉంటాడు.

ఈ గాడిద మోత ఇప్పుడు మనలాంటి వాళ్ల కోసం వెతుకుతోంది. కారణం చెప్పనక్కరలేదు. మన అందరికీ స్కాలర్‌షిప్పు కోసం తెరిచిన ఖాతా ఉంది, అందులో నిల్వ ఉండదు, చేతిఖర్చులకు ఎప్పుడూ కటకటే. "అన్నా, నీ పాస్‌బుక్కు, ఏ.టి.ఎం. కార్డు, ఖాతాకు కలిపిన సిమ్ము ఇవ్వు, నెలకు రెండు మూడు వేలు ఇస్తాం, ట్రేడింగు కంపెనీ లావాదేవీలు" అని అడుగుతారు. చాలాసార్లు అడిగేది తెలిసినవాడే, పై తరగతి కుర్రాడే అవుతాడు. ఇచ్చిన తరువాత ఏదో ఊరిలో మోసపోయిన ఒక పెద్దాయన ఫిర్యాదు చేస్తాడు. ఖాతా స్తంభిస్తుంది. స్కాలర్‌షిప్పు అందులోనే చిక్కుకుంటుంది. పరాయి రాష్ట్రం పోలీసుల నోటీసు మన వార్డెను గారి పేరున కాదు, మన పేరున వస్తుంది. ప్రభుత్వోద్యోగానికి ఎంపికైనప్పుడు పోలీసు విచారణ ఉంటుందని గుర్తుంచుకోండి. మూడు వేలకు పోయేది అదీ.

ఉద్యోగం ఆశ చూపేవాళ్లు మరో రకం. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ పని అని చెప్పి మన రాష్ట్ర యువకులను కంబోడియా పంపారు. అక్కడ వారిచేత బలవంతంగా మన దేశంలోని వారినే ఫోన్లలో మోసం చేయించారు. కంప్యూటరు తెలిసినవాళ్లను చూసి మరీ తీసుకెళ్లారు.

మనలో చాలామందిమి ఇంట్లో మొదటగా డిగ్రీ దాకా వచ్చినవాళ్లం. అమ్మకు వచ్చిన మెసేజీ చదివేది మనమే, నాన్న ఫోనులో బ్యాంకు యాప్ పెట్టేది మనమే. మిరపపంట అమ్మిన డబ్బు ఖాతాలో పడినప్పుడు ఫోను చేసి "సి.బి.ఐ. నుంచి మాట్లాడుతున్నాం, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అని ఎవరైనా బెదిరిస్తే, అటువంటి అరెస్టు మన చట్టంలోనే లేదని ఇంట్లో చెప్పవలసింది కూడా మనమే. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదన్న ఒక్క మాట చాలదు. వాట్సాప్‌లో పెళ్లిపత్రిక అని వచ్చే ఎ.పి.కె. ఫైలును నొక్కకూడదని కూడా చెప్పాలి. మహేశ్ బ్యాంకులో ఆ ఇద్దరు ఉద్యోగులు తెరిచిన మెయిలు చేసిన పనే ఇదీ చేస్తుంది.

డబ్బు పోయిందని తెలిసిన క్షణాన 1930 నంబరుకు ఫోను చేయాలి. మర్నాడు పొద్దున స్టేషనుకు వెళ్దాం అనుకుంటే ఆలోగా ఆ డబ్బు పది ఖాతాలు దాటుతుంది. తొలి గంటలో చెబితే దాన్ని మధ్యలో ఆపే అవకాశం ఉంది. తేదీ, సమయం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. మన ఆధార్ మీద మనకు తెలియని సిమ్ములు ఉన్నాయేమో కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన 'సంచార్ సాథీ'లో ఉచితంగా చూసుకోవచ్చు. మనది కాని నంబరు కనిపిస్తే 'ఇది నాది కాదు' అని అక్కడే నమోదు చేయవచ్చు. ఈ వారంలో ఒక సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక గదికి ఒకరు చొప్పున కూర్చుని మిగతావారివి చూసిపెట్టండి, స్మార్ట్‌ఫోను లేని చిన్న తరగతుల పిల్లల తల్లిదండ్రుల నంబర్లతో సహా.