బద్దలైన ఓడలు, మిగిలిన నూనె

ధ్యాన భాగములు: 1 రాజులు 22:48, 49, 2 దినవృత్తాంతములు 20:35-37, 2 రాజులు 4:1-7, లూకా 14:28-30.



వ్యాపారములో నష్టపోయినవాని గుమ్మములోనికి రెండు విధములైనవారు వచ్చెదరు. బాకీ అడుగువారు కొందరు, జాలిపడువారు కొందరు. ఎవరు వచ్చినను ఆ ఇంటివాడు పెరటి దారిని వెళ్లిపోవుట మనము చూచియున్నాము. కొన్నాళ్లకు అతడు సంతకు రాడు, పెండ్లికి రాడు, తుదకు ఆదివారపు ఆరాధనకు కూడ రాడు. అతనికి జబ్బు లేదు, సిగ్గు ఉన్నది. అట్టివాడు మరల లేచుట ఎట్లు? సంఘముగా మనము అతనికి చేయవలసినది ఏమి? ఈ నెల పాఠములో ఈ సంగతిని ఆలోచించుదము.

1. రాజు నష్టపోయిన వ్యాపారము

భక్తిగలవాడు వ్యాపారములో నష్టపోడని కొందరు తలంచుచున్నారు. బైబిలు అట్లు చెప్పుట లేదు. యూదా రాజైన యెహోషాపాతు తన తండ్రియైన ఆసా మార్గములో నడచిన మంచి రాజు. అయినను ఓఫీరు బంగారము కొరకు అతడు కట్టించిన ఓడలు ఎసోన్గెబెరు రేవులోనే బద్దలైపోయెను. ఒక్క ప్రయాణమైనను జరుగలేదు. పెట్టుబడి అంతయు నీటిపాలాయెను.

దినవృత్తాంతముల గ్రంథము దానికి కారణము కూడ తెలుపుచున్నది. ఇశ్రాయేలు రాజైన అహజ్యా దుర్మార్గుడని ఎరిగియు యెహోషాపాతు అతనితో పొత్తు కలిపెను. ఎలీయెజెరు అను ప్రవక్త వచ్చి తప్పు ఎక్కడనున్నదో ముఖముననే చెప్పెను. తరువాత అహజ్యా తన సేవకులను ఓడలలో పంపెదనని మరల అడిగినప్పుడు యెహోషాపాతు ఒప్పుకొనలేదని రాజుల గ్రంథములో చదువుచున్నాము.

ఇక్కడ మనము గమనింపవలసినది ఆ రెండవ జవాబు. ఓడలు పోయినవాడు సాధారణముగా మొదట పట్టుకొనునది ఎవరి చేయి? ఎవరు ముందుగా డబ్బు చూపిన వారి చేయి. పోయినదానిని ఒక్క దెబ్బతో రాబట్టవలెనను ఆత్రముతో నష్టపోయిన పొత్తులోనికే మరల దిగును. యెహోషాపాతు అట్లు చేయలేదు. పోయిన ఓడలను పోయినవని ఒప్పుకొనెను. లేచుటకు ఇది మొదటి మెట్టు.

2. సత్యము అను పేరుగల కంపెనీ

మన కాలములో, మన రాష్ట్రములోనే జరిగిన ఒక సంగతిని చూచెదము. హైదరాబాదునకు పడమట మాధాపూరు ఒకప్పుడు బండలు, గుట్టల నడుమనున్న చిన్న ఊరు. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు అక్కడ సైబర్ టవర్స్ అను మేడను ప్రారంభించిరి. హైటెక్ సిటీ అనునది అక్కడనుండి పెరిగినది. మన పల్లెల పిల్లలు అనేకులు నేడు ఆ వీధులలోనే పని చేయుచున్నారు.

ఆ హైటెక్ సిటీలో గొప్ప కార్యాలయముగల కంపెనీలలో సత్యం కంప్యూటర్స్ ఒకటి. బి. రామలింగరాజుగారు 1987లో దానిని స్థాపించిరి. ఇరువది యేండ్లలో అందులో పనిచేయువారు సుమారు 50 వేలమంది అయిరి. 2008లో కంపెనీని చక్కగా నడుపుచున్నారని దానికి గోల్డెన్ పీకాక్ అను బహుమానము కూడ ఇయ్యబడెను. పొలము తాకట్టు పెట్టి కొడుకును చదివించిన తండ్రికి, వానికి సత్యంలో ఉద్యోగమైనదని చెప్పుకొనుట ఎంతో గర్వముగా నుండెను.

2009 జనవరి 7వ తేదీన రాజుగారు తమ డైరెక్టర్లకు ఒక ఉత్తరము వ్రాసిరి. బ్యాంకులో ఉన్నదని పద్దులో చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఒప్పుకొనిరి. ఆ ముందు మూడు నెలల లెక్కలో వ్యాపారపు లాభము 649 కోట్లని చూపిరి. నిజమైన లాభము 61 కోట్లే. పొలములో 61 బస్తాలు పండగా 649 బస్తాలు పండినవని ఊరిలో చెప్పుకొన్నట్లాయెను. అట్లు చెప్పినవాడు తరువాతి పంటకు ఏమి చెప్పవలెను? అంతకంటె ఎక్కువ చెప్పవలెను. లేని ధాన్యమునకు గాదెను చూపవలెను. బ్యాంకులో లేని సొమ్మునకు వడ్డీ వచ్చినట్లు కూడ వ్రాయవలెను. ఆ ఉత్తరములో అట్టి లేని వడ్డీయే 376 కోట్లని యున్నది. నిజమునకు, చూపిన లెక్కకు నడుమ మొదట చిన్నదిగా నున్న సందు ఏటేట పెద్దదాయెను.

ఆ ఒక్క దినమున కంపెనీ షేరు సుమారు 179 రూపాయలనుండి 40 రూపాయల దరికి పడిపోయెను. పేరులో సత్యమున్నను పద్దులో లేకపోయెను. వేలకొలది కుటుంబములు రాబోవు నెల జీతము వచ్చునో రాదో అని భయపడిరి. ఆ పని చేసినవారు నిజముగానే పని చేసియుండిరి. అబద్ధము వారిది కాదు గాని దాని భారము వారిమీద పడెను. పద్దులో వ్రాసిన అబద్ధము వ్రాసినవాని ఇంటితో ఆగదు.

అయినను ఆ కంపెనీ చావలేదు. ప్రభుత్వము పాత డైరెక్టర్లను తొలగించి, దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్ గారలను, పిమ్మట మరి ముగ్గురిని నియమించెను. వారు మొదట చేసినది క్రొత్త వ్యాపారము కాదు. ఉన్నదెంత, లేనిదెంత అని వెదకి, బ్యాంకులనుండి అప్పు తెచ్చి జీతములు ఆగకుండ చూచి, కొనువారిని బహిరంగముగా పిలిచిరి. 2009 ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా అను కంపెనీ షేరుకు 58 రూపాయల ధర చెప్పి దానిని దక్కించుకొనెను. వేలమందిని పని లేక కొంతకాలము తక్కువ జీతముపై కూర్చుండబెట్టవలసి వచ్చెను. సరిచేసిన లెక్కలు 2010 సెప్టెంబరులో గాని వెలువడలేదు. నష్టపోయిన అమెరికా షేరుదారుల దావాను తీర్చుటకు 12.5 కోట్ల డాలర్లు ఇచ్చుటకు 2011లో ఒప్పుకొనవలసి వచ్చెను. 2013 జూనులో అది టెక్ మహీంద్రాలో కలిసిపోయెను.

2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రాజుగారిని, మరి తొమ్మండుగురిని దోషులని తీర్పు చెప్పి, రాజుగారికి ఏడేండ్ల శిక్ష విధించెను. వారు అప్పీలు చేసికొనగా అదే సంవత్సరము మే నెలలో శిక్షను నిలిపి బెయిలు ఇచ్చిరి. మనము ఆయనకు తీర్పు తీర్చుటకు దీనిని వ్రాయుట లేదు. ఆ ఉత్తరము పదియేండ్ల ముందు, సందు చిన్నదిగా నున్నప్పుడే వ్రాయబడియుండినయెడల ఎంతమంది కన్నీరు తప్పియుండునో అని మాత్రము ఆలోచించుచున్నాము. కంపెనీ బ్రదికెను, పేరు పోయెను, స్థాపించినవారికి ఆ కుర్చీ మరల దొరకలేదు. లేచుట యనగా ప్రతిసారి పాత కుర్చీలోనే కూర్చుండుట కాదు.

3. అదే సంగతి చిన్న పద్దులో

వేల కోట్ల మాట మనకెందుకని కొందరు అందురేమో. మా ఎరుకలోనున్న ఒక యువకుని సంగతి చెప్పెదము. అతడు 2018లో తల్లి పేరనున్న ఎకరమున్నర పొలమును తాకట్టు పెట్టి, కొండాపూరు దగ్గర హాస్టలు పిల్లలకు భోజనము పెట్టు మెస్సు తెరచెను. వంట బాగుగా నుండెను. దినమునకు 120 భోజనములు వెళ్లుచుండెను. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చినది. కంప్యూటరు ఉద్యోగులు తమ ఊళ్లకు వెళ్లి ఇండ్లనుండియే పని చేయసాగిరి. హాస్టళ్లు ఖాళీ ఆయెను. అద్దె మాత్రము ఆగలేదు.

ఇంతవరకు అతని తప్పు ఏమియు లేదు. ఇది తుపాను వంటిది. తప్పు తరువాత వచ్చినది. తల్లి ఫోను చేసినప్పుడెల్ల వ్యాపారము బాగున్నదని చెప్పెను. మొదటి అప్పు వడ్డీకి రెండవ అప్పు, దాని వడ్డీకి నూటికి నాలుగు రూపాయల వడ్డీతో మూడవ అప్పు చేసెను. క్రిస్మసుకు అప్పు డబ్బుతోనే అందరికి క్రొత్త బట్టలు తెచ్చెను. 2021లో అప్పిచ్చినవాడు నేరుగా పల్లెకు వచ్చి గుమ్మములో నిలిచినప్పుడు గాని తల్లికి తెలియలేదు.

ఆ రాత్రి ఆమె అన్న మాట మేము మరువలేము. “పొలం పోతే పోయిందిరా అయ్యా. ఏడాదిపాటు నువ్వొక్కడివే మోశావు చూడు, నాకు ఒక్క మాట చెప్పలేదు చూడు, అందుకు ఏడుస్తున్నా” అనెను.

మరునాడు ఒక సంఘపెద్ద వారింటికి వెళ్లి నేలమీద కూర్చుండి, ఒక నోటు పుస్తకములో బాకీలన్నిటిని వ్రాయించెను. తెలిసినవి, దాచినవి, చేబదుళ్లు, దుకాణపు పద్దులు అన్నియు కూడగా 11 లక్షల 40 వేలు తేలినది. అప్పిచ్చిన వారందరిని ఒకచోట పిలిచి ఆ పుస్తకమునే చూపిరి. ఒకరిద్దరు కోపపడిరి. ఎక్కువమంది వాయిదాలకు ఒప్పుకొనిరి. పాత్రలు, పొయ్యిలు, ఎకరము పొలము అమ్మిరి. మిగిలిన బాకీకి అతడు మరల హైదరాబాదు వెళ్లి, తాను యజమానిగా నడచిన వీధికి దగ్గరలోనే వేరొకరి వంటశాలలో జీతమునకు చేరెను. మొదటి నెల తలయెత్తి నడువలేకపోతినని మాతో చెప్పెను. నేటికి బాకీలో మూడింట రెండు వంతులు తీరినవి. ఇరువదిమందికి మాత్రము, రొక్కమునకే, అద్దె గదిలో వండి మధ్యాహ్నపు భోజనము పంపుచున్నాడు. ఇంకను తీర్చవలసినది ఉన్నది. అయినను ఆరాధనకు ముందు తలుపుననే వచ్చుచున్నాడు.

4. విధవరాలి నూనె కుండ

ఎలీషా యొద్దకు వచ్చిన విధవరాలి సంగతి మనకందరికి తెలిసినదే. భర్త చనిపోయెను, అప్పు మిగిలెను, అప్పులవాడు ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవ వచ్చెను. ఆమె చేసిన పనులను వరుసగా గమనించుడి.

మొదట, ఆమె దాచక మొరపెట్టెను. రెండవది, ఇంట ఏమున్నదని ప్రవక్త అడుగగా నూనె కుండ తప్ప మరేమియు లేదని ఉన్నది ఉన్నట్లు చెప్పెను. లేని దానిని లెక్కలో చేర్చలేదు. ఉన్న కొంచెమును విడువలేదు. మూడవది, ఇరుగు పొరుగువారి యొద్ద వట్టి పాత్రలు ఎరవు తెచ్చెను. నాలుగవది, నూనె అమ్మి మొదట అప్పు తీర్చి, మిగిలినదానితో ఆమెయు పిల్లలును బ్రదుకవలెనని ప్రవక్త చెప్పెను. ఈ క్రమమును మనము తారుమారు చేయుచున్నాము. మిగిలినదానితో మొదట బ్రదుకుదము, అప్పు సంగతి తరువాత చూతమనుకొందుము.

ఐ.పి. పెట్టుట పాపమా అని కొందరు అడుగుచున్నారు. నిజముగా తీర్చలేనివానికి చట్టము ఒక దారి చూపినది; ఆ దారిని నడచుటలో దోషము లేదు. ఆస్తిని ముందుగా భార్య పేరను, బావమరిది పేరను వ్రాసి, పిమ్మట లేదని చెప్పుట మాత్రము అబద్ధపు పద్దే.

మరల ప్రారంభించువాడు ప్రభువు చెప్పిన గోపురపు ఉపమానమును మరువకూడదు. కట్టబూనినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెను. కూర్చుండుట ముందు, కట్టుట తరువాత.

5. సంఘము చేయవలసినది

ఆ విధవరాలి పొరుగువారు ఆమె అప్పు తీర్చలేదు. పాత్రలు ఇచ్చిరి, అంతే. ఆ పాత్రలు లేనియెడల నూనె నిలుచుటకు చోటు లేదు. మనము ఇయ్యగల పాత్రలు ఏవి? లెక్క వ్రాయుటకు తోడు కూర్చుండు ఒక పూట. అప్పులవారి యెదుట అతని ప్రక్కన నిలుచుట. అతడు చెప్పినదానిని నీళ్ల రేవులో చెప్పకుండుట. పని ఉన్నదని తెలిసినచోటికి తీసికొనిపోవుట. జాలిపడి మన శక్తికి మించి హామీ సంతకము చేయుట మాత్రము మంచిది కాదని సామెతల గ్రంథము ఆరవ అధ్యాయములో మనలను హెచ్చరించుచున్నది.

నీతిమంతుడు పడడని ఆ గ్రంథము చెప్పలేదు. ఏడు మారులు పడినను లేచునని 24వ అధ్యాయములో చెప్పినది. మనలో ఎవరైనను పెరటి దారిని వెళ్లుచున్నయెడల, ఈ వారమే ఒక కాగితము తీసికొని నిజమైన మొత్తమును వ్రాసి, ఇంటివారిలో ఒక్కరికైనను చూపవలెనని బతిమాలుచున్నాము. ఆ లేచుటకు దేవుడు మనకు సహాయము చేయును గాక.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. యెహోషాపాతు రెండవసారి ఏల ఒప్పుకొనలేదు? నష్టము తరువాత మనము తొందరపడి చేసికొను పొత్తులు ఎట్టివి?

2. తుపాను వలన వచ్చిన నష్టమునకును, అబద్ధము వలన పెరిగిన నష్టమునకును భేదమేమి? ఒకటి రెండవదిగా ఎప్పుడు మారును?

3. మన సంఘములో ఆరాధనకు రాక నిలిచిపోయినవారు ఎవరైన ఉన్నారా? వారి యొద్దకు ఏ పాత్ర తీసికొని పోగలము?