మీటరుకు సెంటీమీటరు

కాజీపేట

చిన్నీ,

బొమ్మ రైలు సెట్టు ధర ఫోన్లో చూసి డీలా పడిపోయావని మీ అమ్మ చెప్పింది. ఒక రకంగా మంచిదే అయింది బిడ్డా. మీ మాణికేశ్వర్ నగర్ పక్కనుంచి పోయే గూడ్సు బండి ఆ డబ్బాల్లో దొరకదు. చేసుకోవాల్సిందే.

ముందు కొలత తేల్చుకో. ఎక్కువ దేశాల్లో వాడేది హెచ్.ఓ. స్కేలు, అంటే అసలు దానిలో 87వ వంతు. దాని పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజ్‌కు కుదిరిన లెక్క. మన బ్రాడ్ గేజ్ 1676. 87తో భాగిస్తే 19 దాటుతుంది. అందుకే ఆ పట్టాల మీద మన పెట్టెలు కాళ్లు దగ్గరికి ముడుచుకుని నిలబడ్డట్టుంటాయి. నువ్వు 87 వదిలేసి 100 పట్టు. మీటరుకు సెంటీమీటరు, బడి స్కేలు చాలు. తమాషా ఏమిటంటే 1676ను నూరుతో భాగిస్తే 16.76 వస్తుంది! ఎప్పుడైనా చేతిలో నాలుగు డబ్బులు ఆడి హెచ్.ఓ. పట్టాలు కొన్నావనుకో, నీ పెట్టెలకు అవే సరిపోతాయి. పావు మిల్లీమీటరు తేడా నా కళ్లద్దాలకు కూడా ఆనదు.

ప్రయాణికుల పెట్టె జోలికి ఇప్పుడే పోకు, కిటికీలు కోయడంలోనే విసుగొస్తుంది. బొగ్గు మోసే బాక్స్-ఎన్ వ్యాగన్‌తో మొదలుపెట్టు. కప్లింగులతో కలిపి పొడవు 10.7 మీటర్లు, వెడల్పు 3.2, పట్టాల మీంచి ఎత్తూ ఇంచుమించు అంతే. పాత శుభలేఖల అట్ట, బ్లేడు, ఫెవికాల్ ఉంటే చాలు. పక్కల నిలువు బద్దలకూ ఆ అట్టే సన్నగా కోసుకో. కొత్త చక్రం అడ్డం మీటరు, కాబట్టి చొక్కా గుండీల్లో సెంటీమీటరువి ఎనిమిది ఏరుకో.

గుండ్రంగా తిరిగే లైను మీ గదిలో పట్టదు. అరవై సెంటీమీటర్ల చెక్క ముక్క మీద నేరు లైను వెయ్యి. సిమెంటు స్లీపరు 2.75 మీటర్లు, అంటే అగ్గిపుల్ల తల తుంచి 27.5 మిల్లీమీటర్లకు కోస్తే సరి. లైన్లో కిలోమీటరుకు 1660 స్లీపర్లు వేస్తారు, అంటే నీ చెక్క మీద ఆరేసి మిల్లీమీటర్లకు ఒకటి, మొత్తం నూరు. కొబ్బరి ఈనెలే పట్టాలు. జల్లెడ పట్టిన ఇసుకే కంకర.

ఆ స్లీపర్లు నీకు కొలబద్ద కూడా. ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడి లెక్కపెట్టు: పది స్లీపర్లయితే ఆరు మీటర్లు. స్తంభానికీ స్తంభానికీ ఎంత దూరమో టేపు లేకుండానే తెలిసిపోతుంది. కొలవడానికని పట్టాల మీదికి మాత్రం దిగావో, నా చేతుల్లో అయిపోతావు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం. పైగా కరెంటు బండి దగ్గరికొచ్చేదాకా చప్పుడు తెలియదు.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది కదా, తార్నాక, మెట్టుగూడల్లో రిటైరైన రైల్వే వాళ్లకు కొదవేముంది? పూర్తయిన వ్యాగన్ ఒకరికి చూపించు. మెచ్చుకోరు, తప్పులు పడతారు. ఫీజు లేని ట్యూషన్ అనుకో.

దసరాకు వస్తాను. అప్పటిదాకా రంగు వేయకు, ముందు నేను కొలవాలి.

మీ పెద్దనాయన