ఎండకాలం గుట్ట ఎక్కేటప్పుడు – వెంట చిన్న కుక్క ఉంటే

వేసవి సెలవులు వస్తున్నవి. 2014 మే 25న మన మలావత్ పూర్ణ 13 ఏండ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. అంతకుముందు భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుంది. అప్పటి నుండి మన హాస్టళ్లలో గుట్ట కనబడితే చాలు, ఎక్కుదామా అనే మాటే. ఇంటికి పోయినంక మీరు ఎక్కుతారు, మీ కుక్క కూడా వెంట వస్తది. అందుకే ఈ పాఠం.

మాది పటాన్‌చెరు. నాయన కంపెనీ పనికి పోతాడు. ఇంటి వెనుక రాళ్ల గుట్ట ఉన్నది. మా లడ్డు జానెడు ఎత్తు కుక్క.

"గుట్ట మీద చల్లగుంటది" అని పెద్దలు అంటారు. లెక్క చూడండి. 1000 మీటర్లు పైకి పోతే సుమారు 6.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగ్గుతుంది. మా గుట్ట 100 మీటర్లు కూడా ఉండదు. అంటే అర డిగ్రీ లాభం, అంతే! గాలి 40 డిగ్రీలున్న రోజు ఎండలోని బండ 50 దాటుతుంది. మనకు చెప్పులున్నవి, తల పైన గాలి ఆడుతది. లడ్డు కడుపు బండకు జానెడు దూరంలోనే ఉంటది. కింది సెగ అంతా దానికే.

మనకు ఒళ్లంతా చెమట పోస్తుంది. చెమట ఆరితే చల్లబడతాము. కుక్కకు చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల కింద మెత్తల్లోనే ఉంటాయి, అవి సరిపోవు. అది నాలుక చాపి రొప్పుతుంది. నోట్లో తడి ఆవిరై వేడిని తీసుకపోతుంది. మృగశిర ముందు ఉక్కపోత రోజుల్లో ఆ తడి సరిగా ఆరదు, అప్పుడు ఇంకా కష్టం. కుక్క మామూలు వేడి 101 నుండి 102.5 ఫారన్‌హీట్, అంటే మనకైతే జ్వరమే. 106 దగ్గరికి పోతే ప్రాణానికే ముప్పు.

పూర్ణ తన ఇష్టంతో ఎక్కింది. కుక్క అట్ల కాదు. మనం నడుస్తున్నంతసేపు అది వెంట నడుస్తనే ఉంటది. ఒకసారి పొద్దున పది గంటలకు మా గల్లీ పిల్లలు ఒక కుక్కపిల్లను తాడు కట్టి తెస్తున్నారు. అది పండుకుంది. "బద్ధకం" అని గుంజుతున్నారు. దాని నాలుక ఎర్రగా అయి వెడల్పుగా వేలాడుతుంది, సొంగ చిక్కగా కారుతుంది, కాళ్లు తూలుతున్నవి. అది బద్ధకం కాదు, వడదెబ్బ మొదలు. నీడకు ఎత్తుకపోయి పొట్ట మీద, పాదాల మీద నీళ్లు పోసి అట్టముక్కతో విసిరినం. నీళ్లు నోట్లో బలవంతంగా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతవి. తడిబట్ట కప్పి ఉంచొద్దు, ఆవిరి లోపలే ఆగుతుంది. చల్లబరచినంకనే పశువుల ఆసుపత్రికి తీసుకపోవాలి. అది బతికింది. ఇప్పుడు ఆ పిల్లలే నన్ను టైం అడిగి బయలుదేరుతున్నారు!

బండ మీద అరచేతి వెనుక భాగం పెట్టి ఏడు లెక్కపెట్టండి. అంతసేపు పెట్టలేకపోతే కుక్క కూడా నడవలేదు. చాలామంది సాయంత్రం మంచిదనుకుంటారు. కాని బండ పగలంతా తాగిన వేడిని రాత్రి దాకా మెల్లగా వదులుతుంది. తెల్లవారుజామునే అది చల్లగా ఉంటది. నేను ఐదున్నరకు బయలుదేరి ఎనిమిది లోపు దిగుతాను.

ఇక నీళ్లు. వేరే ఊర్లల్ల కుక్క వాగులో తాగితే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ అట్ల కుదరదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో, పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసి వదిలే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని తేలింది. ఆ మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ నీళ్లు ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలో కలిసేవి. వాగు నీళ్లు తేటగా కనబడినా కుక్కకు ఆ సంగతి తెల్వదు. అందుకే గుట్టకు పోయేటప్పుడు రెండు లీటరు సీసాలు మోస్తాను, ఒకటి నాకు, ఒకటి లడ్డుకు. దాని గిన్నె సగం కొబ్బరిచిప్ప.