సమాధానము అను పేరుగల తల్లి

చదువవలసిన భాగములు: 1 రాజులు 3:16–28, యాకోబు 3:13–4:3



సొలొమోను ఎదుట నిలిచిన యిద్దరు తల్లుల సంగతి మనమందరము ఎరుగుదుము. బిడ్డను రెండు భాగములు చేయుడని రాజు ఆజ్ఞాపింపగా, కన్నతల్లి తన హక్కును వదలుకొనెను, బిడ్డ బ్రదికెను. హక్కును వదలుకొననొల్లని కన్నతల్లి యొకతె సంఘచరిత్రలో కలదు. ఆమెను గూర్చి ఈ నెల ధ్యానింతము.

ఆమె పేరు ఐరీన్. గ్రీకు భాషలో ఆ మాటకు సమాధానము అని అర్థము. ఏథెన్సు పట్టణస్థురాలగు ఈమె 769లో తూర్పు రోమా సామ్రాజ్యపు రాజకుమారుడైన లియోను పెండ్లాడి, కాన్‌స్టాంటినోపిల్ నగరమునకు వచ్చెను. అదియే నేటి ఇస్తాంబుల్. 771లో వారికి కాన్‌స్టంటైన్ అను కుమారుడు పుట్టెను. 780లో లియో మరణించునాటికి పిల్లవానికి తొమ్మిదేండ్లు. బాలుని పేర తల్లి రాజ్యభారము వహించెను. మరదులు కుట్రచేయగా వారికి బలవంతముగా గురుపట్టమిప్పించి, సింహాసనమునకు దూరపరచెను.

తండ్రిలేని బిడ్డ సొత్తును కాపాడుట తల్లికి ధర్మమే. అయితే బిడ్డ పెరిగెను. తల్లి పిడికిలి విప్పలేదు. అధికారమంతయు స్టౌరాకియొస్ అను మంత్రి చేతిలో నుండగా, కుమారుడు అతని తొలగింపజూచెను. తల్లి యది తెలిసికొని, పెండ్లియైన కుమారుని కొట్టి, యింట నిర్బంధించెను. తాను బ్రదికియున్నంతకాలము కుమారుని యేలనీయమని సైనికులచేత ప్రమాణము చేయించెను. కొందరు సైనికులు ఒప్పుకొనక, 790లో కుమారునికే పట్టము కట్టిరి.

కుమారుడైనను మంచివాడు కాకపోయెను. 792లో తల్లిని తిరిగి పిలిచి గౌరవమిచ్చెను గాని, ఆ యేటనే తన పినతండ్రులలో ఒకని కన్నులు తీయించి, నలుగురి నాలుకలు కోయించెను. 795లో భార్యయగు మరియను విడనాడి, మరియొకతెను పెండ్లాడెను. సన్యాసులు ఎదిరించిరి; ప్రజల మనస్సు విరిగెను. తల్లి యా సమయముకొరకే కనిపెట్టుచుండెను. 797 ఆగస్టులో ఆమె పక్షమువారు అతని పట్టుకొని, కన్నులు పొడిచిరి. ఏ గదిలో ఆమె అతని కనెనో ఆ గదిలోనే యిది జరిగెనని, ఆ కాలపు చరిత్ర వ్రాసిన థియోఫనీస్ అను సన్యాసి చెప్పుచున్నాడు.

ఆమె యొంటరిగా ఏలినది అయిదేండ్లే. 802లో ఖజానా అధికారియగు నికెఫొరస్ ఆమెను దించి, ద్వీపమునకు పంపివేసెను. 803లో లెస్బోస్ ద్వీపములో ఆమె మరణించెను. ఆ అయిదేండ్లకు వెల కుమారుని కన్నులు.

మనము నేర్చుకొనవలసినవి

1. కాపాడుటకు ఇయ్యబడినదానిని సొంతము చేసికొనరాదు. మన యిండ్లలో కిరీటము లేదు. పెట్టె తాళపుచెవి గలదు, పొలము పట్టా గలదు. సంఘములో పెద్దల బల్ల గలదు. పిల్లలు ఎదిగినప్పుడు అప్పగించుటయు ప్రేమయే.

2. కుమారులారా, అధికారము చేతికి వచ్చుట చాలదు. దానిని మోయదగిన నడత కావలెను. తల్లి తప్పు తన తప్పును కప్పదు. కాన్‌స్టంటైన్ పినతండ్రులపై ఎత్తిన కత్తియే తనమీదికి వచ్చెను.

3. భక్తికార్యములు ఇంటిలోని పాపమును కడుగవు. 787లో నైసియా మహాసభను సమకూర్చినది ఈ ఐరీనే. పటములను గౌరవించు ఆచారమును ఆ సభ తిరిగి నిలిపెను. ఆ తీర్మానమును గూర్చి సంఘములు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. అది నేటి మన పాఠము కాదు. మత విషయములో అంత ఆసక్తిగల చేయియే పదియేండ్లకు కన్నబిడ్డపై లేచెనన్నది మన పాఠము. గుడి కట్టించినవాడు తమ్మునితో మాటలాడకయుండిన, అతని కానుక సంగతి మత్తయి 5:23–24లో చూడుడి.

దేవుని కుమారుడు తన మహిమను పట్టుకొని కూర్చుండలేదు. దిగివచ్చెను (ఫిలిప్పీ 2:5–8). ఆ మనస్సు లేనియెడల సమాధానమను పేరున్నను ఇంట సమాధానముండదు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

నేను అప్పగింపవలసియుండి యింకను పట్టుకొనియున్నది ఏది? మా తల్లీబిడ్డల మధ్య, అన్నదమ్ముల మధ్య మాటలు మోయు స్టౌరాకియొస్ ఎవడు? ఈ వారము నేను ముందుగా ఎవరి యింటికి పోవలెను?

ప్రార్థన: తండ్రీ, బిడ్డ బ్రదుకుటకై హక్కు వదలుకొనిన ఆ తల్లి హృదయమును మాకు దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.